తెలుగు బొద్దు ఫాంటు: గీసే పద్ధతి, వాడే పద్ధతి

దుకాణాల బోర్డులకు, సభల పోస్టర్లకు, పత్రికల పతాక శీర్షికలకు పనికివచ్చే లావుపాటి తెలుగు ఫాంటు గీయడానికి కూర్చున్నవారు సాధారణంగా ‘ర’ తోనో ‘గ’ తోనో మొదలుపెడతారు. ఆ అక్షరాల కడుపు విశాలంగా ఉంటుంది కనుక గీత మందం ఎంత పెంచినా అవి అందంగానే నిలబడతాయి. గీసేవారికి ధైర్యం వస్తుంది, ఆ ధైర్యంతో మరికొంత మందం పెంచుతారు. తరువాత ‘ఠ’, ‘ఘ’, ‘క్ష్మి’, ‘స్త్రీ’ వంటివి వచ్చేసరికి లోపల తెలుపుకు చోటే మిగలదు. విశాఖపట్నంలో బోర్డుల అక్షరాలు గీస్తూ, వాటిని ఫాంట్లుగా మలుస్తూ నేను నేర్చుకున్న పద్ధతి దీనికి తలకిందులుగా ఉంటుంది. ఫాంటు ఎంత లావుగా ఉండవచ్చో తేల్చవలసినది అన్నిటికంటే ఇరుకైన అక్షరం. అందుచేత పనిని ఆ అక్షరంతోనే మొదలుపెట్టాలి.

ఈ సంగతి నాకు తెలిసివచ్చింది గాజువాక వైపు ఒక పాఠశాల పేరు బోర్డు దగ్గర. కంప్యూటర్ తెరపై నా అక్షరాలు దిట్టంగా, నిండుగా కనిపించాయి. బోర్డు ఎక్కిన మరునాడు రోడ్డుకు అవతల బస్సు ఆగే చోట నిలబడి చూస్తే, ‘పాఠశాల’ లోని ‘ఠ’ నడుమ చుక్క చుట్టూ ఉండవలసిన సన్నని తెలుపు పూర్తిగా మాయమై, ఆ అక్షరం నల్లటి ముద్దలా కనిపించింది. చుక్క ఎంత దూరం నుంచి విడిగా తెలుస్తుందో చూద్దామని మెల్లగా దగ్గరకు నడిచాను. ఇంచుమించు గేటు దాకా వెళ్లాక గాని అది తేలలేదు. పేరు ముందే తెలిసినవారు ఎలాగో చదివేస్తారు. కాని బోర్డు పెట్టేది పేరు తెలియనివారి కోసం. ఆ అక్షరాలను మళ్లీ గీసి, బోర్డును నా ఖర్చుతో మార్పించాను.

ముందుగా లెక్క

ఫాంటు గీసే చతురస్రాన్ని 1000 భాగాలుగా తీసుకోవడం వాడుక. అందులో తలకట్టు, గుడి, ఒత్తులు మినహాయించి అక్షరం ఒడలికి 560 భాగాల ఎత్తు ఇచ్చామనుకుందాం. ‘ఠ’ ను నడిమధ్య పైనుంచి కిందికి కోసి చూస్తే వరుసగా పై గీత, తెలుపు, చుక్క, తెలుపు, అడుగు గీత వస్తాయి. అంటే మూడు నలుపులు, రెండు తెలుపులు. నలుపులు ఒక్కొక్కటి 140 చొప్పున ఉంటే వాటికి 420 పోయి, ఒక్కో తెలుపుకు 70 మిగులుతుంది. నలుపును 160 చేస్తే తెలుపుకు మిగిలేది 40 మాత్రమే. గీతకు 20 భాగాలు చేర్చినందుకు తెలుపు దాదాపు సగానికి పడిపోయిందన్నమాట. ఒడలి ఎత్తు 6 అంగుళాలున్న బోర్డు మీద 70 భాగాలంటే ముప్పావు అంగుళం. 40 భాగాలంటే అరంగుళం కూడా రాదు. నా పాఠశాల బోర్డులో జరిగింది ఇదే.

దీనికి విరుగుడు ఫాంటునంతా సన్నం చేయడం కానక్కరలేదు. ఒకే మందంతో గీసిన అడ్డగీత, నిలువుగీత పక్కపక్కన పెడితే అడ్డగీతే కంటికి లావుగా కనిపిస్తుంది. కనుక పక్కల గీతలను 150 వద్ద ఉంచి, పై గీతను, అడుగు గీతను 125కు దించితే ఎవరికీ తేడా తెలియదు. చుక్కను 110కి దించితే ఒక్కో తెలుపుకు 100 భాగాలు దక్కుతాయి. అక్షరం బొద్దుతనం చూసేవారికి పక్క గీతలలోనే అందుతుంది, చదవడానికి కావలసిన వెలుతురు లోపల మిగులుతుంది.

ఇక్కడ మన లిపి పుట్టుక గురించి ఒక మాట చెప్పాలి. ప్రధానంగా తాటాకు మీద గంటంతో గీసిన లిపి మనది. గంటం మొన ఎటు తిరిగినా ఒకే సన్నని గీత పడుతుంది. రోమన్ అక్షరాలకు వెడల్పు పాళీ నేర్పిన లావు, సన్నం అనే క్రమం మనకు ఆ దారిలో రాలేదు. కుంచెతో రాసే బోర్డు చిత్రకారులు, పత్రికలకు శీర్షికలు రాసిన బాపు వంటివారు తమ చేతి తీరుతో ఆ క్రమాన్ని తయారుచేసుకున్నారు. ఎక్కడ లావు పెట్టాలి, ఎక్కడ తగ్గించాలి అన్నది మీరు కూడా నిర్ణయించుకుని, ఒకసారి నిర్ణయించుకున్న దానిని అక్షరాలన్నిటిలో ఒకేలా పాటించాలి. నేను రెండు గీతలు కలిసే మూలలన్నిటా లోపలి నుంచి కొద్దిగా చెక్కుతాను. ఆ చెక్కుడు దగ్గరనుంచి చూస్తే గాటులా ఉంటుంది, దూరం నుంచి చూస్తే మూల శుభ్రంగా కనిపిస్తుంది.

దగ్గరి పోలికలు

మందం పెరిగేకొద్దీ ఒకదానికొకటి దగ్గరయ్యే అక్షరాలు తెలుగులో చాలా ఉన్నాయి. వాటిని వర్ణమాల వరుసలో విడివిడిగా గీయకుండా, జతలుగా పక్కపక్కన పెట్టుకుని గీయాలి. ‘ర’, ‘ఠ’ ల తేడా ఒక చుక్క. ‘ద’ కింద నిలువు గీత పెడితే ‘ధ’, దాని కడుపులో చుక్క కూడా పెడితే ‘థ’. ‘ప’, ‘ష’ ల తేడా లోపలి మెలిక. ‘బ’, ‘భ’ ల విషయం మరీ సున్నితమైనది. ‘భ’ కు తలకట్టు ఉంటుంది, ‘బ’ కు ఉండదు కనుక విడిగా ఉన్నప్పుడు రెండు గుర్తులతో వాటిని పోల్చుకుంటాం. గుడిదీర్ఘం చేరిందంటే తలకట్టు పోతుంది. అప్పుడు ‘బీ’, ‘భీ’ లను విడదీసేది అడుగున ఉన్న చిన్న నిలువు గీత ఒక్కటే. ‘భీమిలి’ అని బోర్డు రాసినప్పుడు ఊరి పేరు భారమంతా ఆ గీత మీదే ఉంటుంది. అందువల్ల ఆ గీతను ఒడలికి అతికించకుండా, 50 భాగాల తెలుపు వదిలి, నిలువుగీత మందంలో మూడు వంతులకు తగ్గకుండా గీయాలని నా అభిప్రాయం.

‘వు’, ‘మ’ జత మీద మరింత శ్రద్ధ కావాలి. ‘వ’ కు కొమ్మును మిగతా అక్షరాలకు పెట్టినట్టు పక్కన తగిలిస్తే అది ‘మ’ అయిపోతుంది. అందుకే ‘పు’, ‘ఫు’, ‘వు’ లకు కొమ్మును అడుగు నుంచి కిందికి దించి రాసే కట్టుబాటు మన లిపిలో ఏర్పడింది. బొద్దు ఫాంటులో ఎత్తు ఆదా చేయాలన్న తొందరలో ఆ కొమ్మును పైకి లాగితే ‘రేవు’ కాస్తా ‘రేమ’ గా కనిపించే ప్రమాదం ఉంది. ఓడరేవు ఉన్న ఊరిలో ఈ మాట ఎన్ని బోర్డుల మీద వస్తుందో చెప్పనక్కరలేదు. కొమ్ము కనీసం 150 భాగాలైనా అక్షరపు అడుగుగీత కిందికి దిగాలి.

తలకట్టు ఫాంటుకు ముఖకవళిక వంటిది. ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ అనే అక్షరాలకు అది ఉండదు. ఘ, ప, ఫ, ష, స, హ లకు ఒడలిని తాకకుండా విడిగా నిలుస్తుంది. మిగిలినవాటికి అతుక్కుని ఉంటుంది. ఒడలి గీత ఎంత లావో తలకట్టు కూడా అంత లావుగా ఉంటే, వరుస పొడుగునా టోపీలు పెట్టినట్టు కనిపించి చూపు అక్కడే ఆగిపోతుంది. నేను దానిని ఒడలి మందంలో 80 శాతానికి ఉంచి, కుడివైపు లేచే కోణాన్ని అన్ని అక్షరాలలో ఒకేలా ఉంచుతాను. మొన కత్తిరించినట్టు ఉండాలా, గుండ్రంగా ఉండాలా అన్నది మీ రుచి. కత్తిరించిన మొన వార్తల శీర్షికకు బిగువునిస్తుంది, గుండ్రని మొన మిఠాయి దుకాణానికి, పిల్లల పుస్తకానికి చక్కగా అమరుతుంది.

ఒత్తులకు చోటు

ఒత్తును పెద్ద అక్షరం నుంచి కుదించి పెట్టడం తొందరపనిలో అందరూ చేసే పొరపాటు. 60 శాతానికి కుదిస్తే 150 భాగాల గీత 90కి పడిపోతుంది, బొద్దు అక్షరం కింద ఒత్తు ఆకలితో ఉన్నట్టు కనిపిస్తుంది. ఒత్తులన్నిటినీ విడిగా, 115 నుంచి 120 భాగాల గీతతో మళ్లీ గీయవలసిందే. ఇది విసుగు పుట్టించే పనే అయినా ఫాంటు నాణ్యత ముందుగా బయటపడేది ఇక్కడే.

పరీక్షకు ‘ఉత్తరాంధ్ర’ అనే మాటను మించినది నాకు దొరకలేదు. ‘త్త’ లో ఒత్తు ఒడలికి కింద కుదురుగా కూర్చుంటుంది. ‘ధ్ర’ లో మాత్రం ‘ధ’ అడుగు గీత, క్రారవడి (రకారపు ఒత్తు) రెండూ ఒకే చోటు కోసం పోటీపడతాయి. అడుగు గీత పొట్టిగా ఉండి, క్రారవడి దాని కింద నుంచి తిరిగి ఎడమవైపు తేలేలా గీస్తే రెండూ బతుకుతాయి. దీని తరువాత ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ చూడాలి. ఒక ఒత్తు కింద ఇంకొక ఒత్తు పెడితే వరుస ఎత్తు పెరిగిపోతుంది కనుక రెండవదానిని కుడి పక్కకు జరపాలి. ‘శ్రీ’, ‘క్ష్మి’ అనే రెండింటిని జంటగా ప్రత్యేకంగా గీసి పెట్టుకోవడం మంచిది. మన దుకాణాల పేర్లలో ‘శ్రీ లక్ష్మి’ వచ్చినంత తరచుగా మరొకటి రాదు.

ఒడలికి 560, పైన గుడికి 220, కింద ఒత్తుకు 330 కలిపితే 1110 భాగాలవుతాయి. అంటే 6 అంగుళాల ఒడలితో ఒక వరుస రాయాలంటే బోర్డు మీద ఇంచుమించు అడుగు ఎత్తు పట్టీ కావాలి, దానికి అంచుల ఖాళీ అదనం. కొలత తీసుకునేటప్పుడే ఇది దుకాణదారుకు చెప్పకపోతే, తరువాత గుడులో ఒత్తులో ఫ్రేము కిందికి పోతాయి.

అక్షరాల మధ్య ఎడం కుదర్చడానికి ‘విశాఖపట్నం’ అని పెద్దగా రాసి గోడకు అంటించుకోండి. ‘శా’ దీర్ఘం పైన కుడివైపు చాచుకుంటుంది. దాని పక్కన తలకట్టు లేని ‘ఖ’ ఉంటుంది కనుక ఆ రెండింటి నడుమ పైభాగంలో ఖాళీ ఎక్కువగా కనిపిస్తుంది. ‘ప’ మీద తలకట్టు విడిగా తేలుతుంది. ‘ట్నం’ వద్ద నకారపు ఒత్తు కుడివైపుకు సాగి సున్న కిందికి వస్తుంది. సున్నను ఎంత దగ్గరకు లాగవచ్చో ఆ ఒత్తే చెబుతుంది. బొద్దు ఫాంటులో అక్షరం లోపలి తెలుపు, అక్షరాల నడుమ తెలుపు ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. లోపల 100 ఉంటే రెండు అక్షరాల మధ్య 70 వరకు చాలు. కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూడడం నాకు బాగా ఉపయోగపడింది. అప్పుడు మాట చదవబడదు, నలుపు తెలుపుల పంపకం ఒక్కటే కంటికి కనిపిస్తుంది.

ఫాంటుగా మలచడం

గీతలకు ఇంక్‌స్కేప్, ఫాంటుగా కూర్చడానికి ఫాంట్‌ఫోర్జ్ ఉచితంగా దొరుకుతాయి. మ్యాక్ ఉన్నవారు గ్లిఫ్స్ వాడుతారు. వంపులలో బిందువులను పైకొన, కిందికొన, కుడి ఎడమ కొనల వద్ద మాత్రమే ఉంచితే గీత నునుపుగా వస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అవి మూల అక్షరాలకు, గుర్తులకు మాత్రమే. గుణింతాలు, ఒత్తులు, ఏవి కలిస్తే ఏ రూపం చూపాలో ఫాంటులోనే రాసిపెట్టే ఓపెన్‌టైప్ సూత్రాల ద్వారా ఏర్పడాలి. 35 హల్లులకు తలకట్టు మొదలు ఔత్వం వరకు 13 రూపాల చొప్పున వేసుకుంటేనే 455 అవుతాయి. గుర్తును తగిలించి అన్నీ తయారుచేయవచ్చు గాని, బొద్దు ఫాంటులో అతుకు దగ్గర ముద్ద కడుతుంది. నేను గుడి, కొమ్ము చేరిన రూపాలను అన్ని హల్లులకు విడిగా గీస్తాను, మిగిలినవాటిలో అతుకు చెడినవాటిని మాత్రమే సరిదిద్దుతాను. యూనికోడ్‌కు ముందు కాలపు డీటీపీ ఫాంట్ల పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలు పెట్టే పని ఇప్పుడు చేయకూడదు. అటువంటి ఫాంటుతో రాసినది ఫోనులో, వెబ్‌లో తెలుగుగా చేరదు.

పూర్తిగా కొత్తది గీసే తీరిక లేనివారు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్న ఫాంటును ఎంచుకోవచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న ‘రామభద్ర’ ఒకే ఒక మందంతో వచ్చే లావుపాటి శీర్షిక ఫాంటు. అష్టదిగ్గజాలలో ఒకరైన అయ్యలరాజు రామభద్రుడి పేరు పెట్టుకున్నది. ‘బాలూ తమ్ముడు 2’ లో మందం 400 నుంచి 800 వరకు, ‘అనేక్ తెలుగు’ లో 100 నుంచి 800 వరకు మార్చుకోవచ్చు; రెండవదానిలో వెడల్పును కూడా తగ్గించి పెంచుకోవచ్చు కనుక పొడవాటి పేరు ఇరుకు బోర్డులో పట్టించవలసి వచ్చినప్పుడు నేను దానినే తీస్తాను. ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఉన్నవాటిని వ్యాపార పనులకు వాడవచ్చు, మార్చుకోవచ్చు. ఫాంటును విడిగా అమ్మకూడదు, పేరు రిజర్వు చేసి ఉంటే మార్చిన దానికి వేరే పేరు పెట్టాలి.

బోర్డు మీద, గోడ మీద, తెర మీద

పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఒడలి ఎత్తు అన్నది నేను పాటించే లెక్క. జగదాంబ సెంటర్‌లో రోడ్డు దాటి 60 అడుగుల అవతల నుంచి చదవాలంటే 6 అంగుళాలు కావాలి. బస్సులో వెళ్లేవారు చదవాలంటే దానికి సగం చేర్చుకోవాలి. పక్కన ఇంగ్లీషు కూడా రాయవలసి వస్తే, ఇంగ్లీషు పెద్దక్షరాలను తెలుగు ఒడలి కంటే పదో వంతు మాత్రమే ఎత్తుగా పెట్టండి. రెండింటికీ ఒకే సైజు అంకె ఇచ్చి వదిలేస్తే తెలుగు చిన్నబోతుంది.

వెలుతురు సంగతి ఊరిని బట్టి ఉంటుంది. బీచ్ రోడ్డులో సముద్రానికి ముఖం పెట్టిన బోర్డుల మీద ఉదయపు ఎండ సూటిగా పడుతుంది. నిగనిగలాడే యాక్రిలిక్ మీద ఆ వెలుగు తిరగబడి అక్షరం అంచులను తినేస్తుంది కనుక అక్కడ మెరుపులేని పూత మేలు. రాత్రి లోపల ఎల్‌ఈడీ వెలిగే తెల్ల అక్షరాలకు ఇదే ఇబ్బంది మరోలా వస్తుంది: ముదురు నేపథ్యం మీద తెల్లని అక్షరం ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది, సముద్రపు తేమ గాలిలో ఆ కాంతి ఇంకా వ్యాపిస్తుంది. కనుక వెలిగే బోర్డుకు ఒక మెట్టు సన్నని మందాన్ని ఎంచుకుని, ‘ఠ’, ‘థ’, ‘ఘ’ లు ఉన్న మాటలను ముందుగా వెలిగించి చూసుకోవాలి.

ఏటా ఆషాఢ పౌర్ణమికి జరిగే సింహాచలం గిరి ప్రదక్షిణలో భక్తులు 32 కిలోమీటర్ల దూరం రాత్రంతా నడుస్తారు. అలసిన కళ్లతో, జనం తలల మీదుగా, మసక దీపాల కింద చదవవలసిన బోర్డు ఎలా ఉండాలో ఆలోచించండి. ‘తాగునీరు’ అనే మాట ఏ బొద్దు ఫాంటులోనైనా నిలుస్తుంది. ‘ప్రథమ చికిత్స’ లో మాత్రం క్రారవడి, ‘థ’ చుక్క, ‘త్స’ ఒత్తు మూడూ ఉన్నాయి. ఆ బోర్డు అవసరపడిన మనిషికి తడబాటు ఉండకూడదు. ఇటువంటి చోట మరీ లావైన రూపాన్ని వదిలి మధ్యస్థ బొద్దును పెద్ద సైజులో వాడాలి. పసుపు మీద నలుపు అయితే మసక వెలుతురులో కూడా తెలుస్తుంది.

యాక్రిలిక్‌లో గాని, రేకులో గాని అక్షరాలు కోయించేటప్పుడు విడి ముక్కలు లెక్కపెట్టండి. ‘పథకం’ అనే చిన్న మాటలోనే ‘ప’ తలకట్టు, ‘థ’ చుక్క వేరువేరు ముక్కలుగా వస్తాయి. వీటిని కేవలం జిగురుతో అంటిస్తే ఉప్పుగాలికి కొన్నాళ్లలో వదులవుతాయి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను తరువాత ఈ ఊరి హోర్డింగుల స్థితి చూసినవారికి గాలి బలం గురించి వేరే చెప్పవలసిన పని లేదు. చుక్కను వెనుక పలకకు మరతో బిగించమనండి, లేదా కోతకు ప్రత్యేకంగా తలకట్టు ఒడలికి కలిసిన రూపాన్ని ఫాంటులోనే చేర్చి పెట్టండి.

ఫ్లెక్స్ పనిలో ఎక్కువగా చెడేది ఫాంటు తప్పు వల్ల కాదు. పేరు పట్టలేదని అక్షరాలను అడ్డంగా సాగదీస్తారు; నిలువుగీతలు ఉబ్బి, అడ్డగీతలు అలాగే ఉండి మీరు కుదిర్చిన తూకమంతా పోతుంది. బొద్దు అక్షరం చుట్టూ మళ్లీ అవుట్‌లైన్ వేస్తారు. అది లోపలికి కూడా పెరిగి తెలుపును మింగేస్తుంది. అవుట్‌లైన్ తప్పనిసరి అయితే దానిని అక్షరం వెనుకకు పంపాలి. ప్రెస్సుకు పంపే ఫైలులో అక్షరాలను గీతల బొమ్మలుగా, అంటే కర్వ్స్‌గా మార్చి పంపితే అక్కడి పాత సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోవు. దిద్దుబాట్ల కోసం మార్చని ప్రతిని మీ వద్ద ఉంచుకోండి. వెబ్ పేజీలో ఒకే మందం ఉన్న ఫాంటుకు మళ్లీ బోల్డ్ అని చెబితే బ్రౌజరు తానే గీతలను ఉబ్బిస్తుంది, కనుక మందాన్ని సాధారణం అనే పేర్కొనాలి. శీర్షికలో వరుసల ఎడం ఫాంటు సైజుకు కనీసం 1.2 రెట్లు ఉండాలి. రెండు మూడు వరుసలకు మించిన పాఠానికి ఇటువంటి ఫాంటు వాడవద్దు.

బోర్డు తయారీకి ఇవ్వడానికి ముందు, పేరును అసలు సైజులో కాగితం మీద ముద్రించి, ఆ గోడకే తాడుతో కట్టించండి. ఉదయం ఎనిమిదింటికి ఒకసారి, దీపాలు వెలిగాక ఒకసారి రోడ్డుకు అవతలి నుంచి చూడండి. ఆ దారిన వెళ్లే ఒకరిద్దరిని ఆపి చదవమని అడగండి. వారు ఏ అక్షరం దగ్గర కళ్లు చికిలించారో గుర్తుపెట్టుకుని, ఆ అక్షరాన్ని మళ్లీ గీయండి.